దొరసాని వాటా

క్యారెట్ల బస్తా అడుగున మెత్తబడినవి నాలుగైదు చేతికి తగిలాయి. ఇంకొకరైతే చూడకుండానే చెత్తడబ్బాలోకి విసిరేవారు. ఆమె ఒక్కొక్కదాన్నీ కుళాయి కింద పట్టి కడిగి, మెత్తబడినంత మేరా కత్తిమొనతో తీసేసి, గట్టిగా మిగిలిన ముక్కని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి పళ్లెంలో వేసింది. తీసేసిన తుక్కుని కూడా పారేయలేదు. వానపాముల ఎరువు గుంటలోకి పనికొస్తుందని పక్కన ఓ రేకు డబ్బాలో దాచింది.

జంతు ప్రదర్శనశాలకి వెనక వైపు, చూడ్డానికొచ్చే జనం ఎవరూ అడుగుపెట్టని చోట, రేకుల కప్పు వేసిన పొడవాటి గది అది. ఒక గోడ పొడవునా సిమెంటు గట్టు, దాని మీద కత్తులు, పళ్లేలు, తూకం మిషను. ఎదుటి గోడకి తవుడు, మొక్కజొన్న పిండి, సోయా చెక్క బస్తాలు. మూలన మేత కలిపే మిషను ఉంది. నడుమెత్తు స్టీలు డ్రమ్ము, లోపల వంకర రెక్కలు. అది తిరుగుతున్నంతసేపూ గదిలో ఒకరి మాట ఇంకొకరికి వినపడదు. కిటికీలోంచి చూస్తే కంకర దారి అవతల జీబ్రాల దొడ్డి, దాని చుట్టూ ఇనుప కంచె.

ఆమెని అక్కడ పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ పొదుపక్క. ఎవరు మొదలుపెట్టారో తెలీదు. కొత్తగా చేరిన పెద్ద అధికారి కూడా మొదటి రోజు తడబడి "పొదుపక్క గారూ" అనేశాడు. ఆమె నవ్వి ఊరుకుంది. కాస్త పొట్టి మనిషి. ముంజేతులు మాత్రం మగవాళ్లవిలా దిట్టంగా ఉంటాయి. బస్తా గుడ్డతో తనే కుట్టుకున్న ఏప్రన్ మోకాళ్ల దాకా వేలాడుతుంటుంది. కళ్లజోడు ఒక కాడ విరిగితే దారం కట్టుకుంది. ఆ దారం పాతబడితే కొత్త దారం కట్టుకుంటుంది తప్ప కాడ మార్పించదు.

మిషనులో మేత కలపడం పూర్తయ్యాక అడుగున ఎప్పుడూ కొంత మిగులుతుంది. రెక్కలు అందని చోట, డ్రమ్ము వంపులో, పిండి గట్టిగా అంటుకుని ఉంటుంది. ఆమె చేరకముందు అది నీళ్లతో పాటు తూములోకి పోయేది. ఆమె వచ్చాక ఆ పద్ధతి మారింది. సగం దాకా డ్రమ్ములోకి వంగి, అరిగిపోయిన చెక్క గరిటెతో వంపంతా గీకి, ఆ గీకిన పిండిని ఓ బేసినులోకి ఎత్తేది. గుప్పెడు తవుడు, కాస్త చెరకు మడ్డి కలిపితే జీబ్రాలకి పండగే. ఆ తరవాతే కుళాయి తిప్పి మిషను కడిగేది. మిషను కడగమని ఎవరైనా చెబితే ఆమె దృష్టిలో గీకడం వేరే పని కాదు. కడగడంలో అదో భాగం.

ఇది ఉద్యోగంలో నేర్చుకున్నది కాదు. చిన్నప్పుడే తల్లి పోతే మేనమామ ఇంట్లో పెరిగింది. అత్త చెడ్డ మనిషేం కాదు. కానీ ఇంట్లో నోళ్లెక్కువ. అందరి భోజనాలూ అయ్యాక గిన్నెలు తోమడం ఆమె వంతు. తోమే ముందు గిన్నె గీక్కుని తినడం ఎవరూ నేర్పలేదు, ఎవరూ వద్దనలేదు. పెళ్లయి వచ్చిన కొత్తలో అత్తగారు చుట్టుపక్కల వాళ్ల దగ్గర గొప్పగా చెప్పుకునేది, "మా కోడలు గిన్నె వదిలిందంటే ఇక తోమక్కర్లేదు" అని. అది మెచ్చుకోలో వెటకారమో ఇప్పటికీ ఆమెకి తెలీదు. మెచ్చుకోలే అనుకుంది. అంతకు మించి ఆమెని మెచ్చుకున్నవాళ్లు లేరు మరి.

ఇప్పుడు ఆమెకే ఓ కోడలుంది. ఫ్రిజ్ తెరిస్తే చాలు, ఆ పిల్ల నెత్తి పట్టుకుంటుంది. అందులో చిన్న గిన్నెల సంత. ఒకదాంట్లో రెండు చెంచాల కూర, ఇంకోదాంట్లో మొన్నటి పప్పు, మూడోదాంట్లో ఏముందో ఎవరూ చెప్పలేరు. ఈ ఉదయం కూడా రాత్రి అన్నం తింటుంటే కోడలు అడ్డం పడింది.

"అత్తయ్యా, అది వాసనొస్తోంది. మీకేమైనా అయితే మళ్లీ నేనే ఆసుపత్రికి తిప్పాలి."

"నా పొట్టకేం కాదులేవే. రాళ్లు తిన్నా అరుగుతాయి."

భర్త పేపరు వెనకనుంచి, "రాళ్లు తింటే వచ్చే నెల సామాన్లు కలిసొస్తాయి, అడ్డుపడకమ్మా" అన్నాడు. ముగ్గురూ నవ్వుకున్నారు. అలా నవ్వుకుంటూనే ఆమె పనికి బయల్దేరింది.

క్యారెట్లు తరగడం సగంలో ఉండగా తుఫాను వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. జీబ్రాల కీపరు. ఏ పనికైనా నత్తలా నడుస్తాడని ఆ పేరు పెట్టారు. అలాంటివాడు ఇవాళ ఆయాసపడుతున్నాడు.

"అక్కా, దొరసాని గడ్డి ముట్టట్లేదు. ఒళ్లంతా చెమటలు. నిలబడ్డ చోటే తూలుతోంది."

"మిగతావి?"

"సిగ్గులమ్మ కాస్త డల్లుగా ఉంది గానీ తింటోంది. బుడ్డది బానే ఉంది. నిన్న కొత్తగా ఏమైనా పెట్టావా?"

"రోజూ పెట్టేదే" అంది ఆమె, కత్తి ఆపకుండా.

ఆ మాట అన్నప్పుడు అందులో అబద్ధం లేదు. నిన్న మధ్యాహ్నం పక్షుల విభాగానికి మేత కలిపింది. ఆ విభాగం కీపరు మందు డబ్బా తెచ్చి, తనే కొలిచి మిషనులో పోసి, డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు. కౌజు పిట్టలకీ నెమళ్లకీ పేగుల్లో ఏవో క్రిములు చేరాయని పెట్టిన మందు అది. మేత టబ్బుల్లోకి ఎత్తాక ఎప్పట్లాగే ఆమె డ్రమ్ము గీకింది. ఆ బేసినుడు పిండిలో తవుడూ మడ్డీ కలిపి, అందులో సగం సాయంత్రం జీబ్రాల బకెట్టు పైన వేసింది. తరవాత మిషను కడిగింది. అంతా రోజూ చేసేదే.

దొరసాని ఆ దొడ్డికి పెద్ద. ఆమె ఈ ఉద్యోగంలో చేరిన ఏడే అదీ వచ్చింది. నడక చూస్తే ఈ తోటంతా తన పేరు మీదే రాసి ఉందన్నట్టు ఉంటుంది. తొట్టిలో మేత పడితే ముందు అది తల పెట్టాలి. అది తల ఎత్తేదాకా మిగతా రెండూ దూరంగా నిలబడి చూడాలి. పైన వేసిన తీపి మేతంతా దానిదే. అందులో ఒక్క ముద్ద కూడా వెనక నిలబడ్డవాళ్లకి దక్కనివ్వదు. ఆమెకి ఆ దర్జా అంటే ఇష్టం. తనకెప్పుడూ చేతకానిది ఎదుట ఇంకొకరు చేస్తుంటే చూడ్డం బాగుండేది. తన గొంతు వినగానే దొరసాని కంచె దాకా వచ్చి, మెత్తటి నల్లటి మూతి ఇనుప చువ్వల మధ్యనుంచి బయటికి పెట్టి, గరుకు మీసాలతో ఆమె అరచెయ్యి తడిమేది.

కాసేపటికి డాక్టరమ్మ జీపు వచ్చింది. కిటికీలోంచి అంతా కనపడుతోంది. డాక్టరమ్మ కంచె దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూసింది. సన్నటి మనిషి, జుట్టు కత్తిరించుకుని ఉంటుంది, ఎప్పుడూ తొందరలో ఉన్నట్టే మాట్లాడుతుంది కానీ జంతువు ముందు కూర్చుంటే మాత్రం కదలదు. తరవాత ఎవరికో ఏదో చెప్పింది. పక్షుల కీపరు మేత గది వైపు పెద్ద పెద్ద అంగలు వేస్తూ వచ్చాడు.

అతను చేతులు నలుపుకుంటూ గట్టుకి ఆనుకున్నాడు. "అక్కా, ఒక్కమాట. డాక్టరమ్మ అడిగి రమ్మంది. నిన్నటి మందు ఉంది చూడు, పక్షులకి పరవాలేదు గానీ గుర్రం జాతికి అస్సలు పడదట. డబ్బా మీద గుర్రం బొమ్మ వేసి అడ్డంగా గీత కూడా కొట్టారు. మిషను శుభ్రంగా కడిగావు కదా?"

"కడిగాను."

"అడుగు పారేశావా?"

ఆమె చేతిలో కత్తి క్యారెట్టు మీద నిలబడింది. ఆ చిన్న సందులోనే అంతా కళ్లముందుకి వచ్చేసింది. డ్రమ్ము వంపులో తెల్లగా, మిగతా పిండి కంటే బరువుగా దిగి ఉన్న పొర. గరిటెకి అంటుకుంటే ఎందుకో రోజూలా లేదనిపించడం. బేసిను. మడ్డి. పైన వేసిన ముద్ద. దొరసాని మూతి.

"పారేశాను" అంది.

ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. భయం అనుకోడానికి లేదు, భయపడే తీరిక ఎక్కడిది. అవమానం లాంటిదేదో మొదట దొరికిన మాటని బయటికి తోసేసింది.

పక్షుల కీపరు నవ్వాడు. "నువ్వు? పారేశావా? ఇవాళ గోడమీద రాసుకోవాలి." మళ్లీ నవ్వి, భుజాలు తేలికపడ్డట్టు కదిలించాడు. "సరేలే, ఎందుకైనా మంచిదని అడిగాను. ఆ అనుమానం అక్కర్లేదని చెప్తాను."

వెళ్లాడు. డాక్టరమ్మతో ఏదో అనడం, ఆవిడ తల ఊపడం కిటికీలోంచి కనిపించింది. ఇంకా వెనక్కి పిలవొచ్చు. "ఇదిగో, ఆగు" అంటే చాలు. గుమ్మం దాకా వెళ్లింది కూడా. అప్పటికే ఇద్దరు మనుషులు పొడవాటి చెక్క పలకలు పట్టుకుని దొడ్డిలోకి దిగారు. దొరసాని వెనక పలకలు అడ్డం పెట్టి మెల్లగా నడిపించడం మొదలుపెట్టారు.

తుఫాను నీళ్ల బకెట్టు కోసం వచ్చి చెప్పాడు. "కడుపు నొప్పట. గుర్రాలకి వచ్చేలాంటిదే. నడిపిస్తే లోపల ముడి విడుతుందంది డాక్టరమ్మ."

"తగ్గుతుందా?"

"నడిస్తే తగ్గుతుంది. నడవట్లేదు మొండిది. దొరసాని కదా."

ఆమె గుమ్మంలోంచి వెనక్కి వచ్చింది. తగ్గుతుందన్నారు కదా అనుకుంది. అనుకుని, దాన్ని పట్టుకుని పని చేసింది. మొసళ్ల గదికి చేపలు తూచింది. కోతుల పళ్లేల్లో అరటిపళ్లు తొక్కతోనే కోసి సర్దింది. ప్రతి పళ్లెం సర్దాక కిటికీ వైపు చూసింది. దొరసాని నాలుగడుగులు వేసి ఆగుతోంది. పలక తగిలితే ఇంకో నాలుగు వేస్తోంది. దాని వెనక దాని పిల్ల, బుడ్డది, ఇదేదో ఆట అనుకుని గెంతుతోంది.

గట్టు కింద నిన్నటి బేసిను ఉంది. గీకిన పిండిలో సగమే నిన్న వాడింది. మిగతా సగం ఇవాళ సాయంత్రానికని పళ్లెం బోర్లించి దాచింది. ఆమె ఆ పళ్లెం ఎత్తి చూసింది. తీపి వాసన కొట్టింది. ఈ బేసిను తూములో కడిగేస్తే ఇంక ఎక్కడా ఏమీ ఉండదు. ఎవరికీ తెలియదు. ఆమె బేసినుని కుళాయి కిందికి తీసుకెళ్లి, కుళాయి మీద చెయ్యి వేసి, తిప్పకుండా నిలబడింది. అంతలో ఏప్రన్ జేబులో ఫోను మోగింది.

కోడలు. "అత్తయ్యా, మీరు కోప్పడనంటే ఓ మాట చెప్తాను."

"చెప్పు."

"ఫ్రిజ్‌లో ఆ మూడో గిన్నె పారేశాను. మెత్తగా బూజు పట్టింది. పిల్లాడు చెయ్యి పెట్టబోతే ప్రాణం పోయినంత పనైంది నాకు."

"మంచిపని చేశావు."

"అత్తయ్యా, మీ ఒంట్లో బానే ఉందా?"

"బానే ఉంది."

"గొంతు అదోలా ఉంది. మావయ్యని పంపనా?"

"ఏం వద్దు. మిగతా గిన్నెలు కూడా పారెయ్యి" అని ఫోను పెట్టేసింది. బేసిను మీద పళ్లెం మళ్లీ బోర్లించి గట్టు కిందికి తోసింది.

మధ్యాహ్నం ఎండ కాస్త వాలాక తుఫాను మళ్లీ వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది. "అక్కా, నువ్వు రావాలి. అది మా మాట వినట్లేదు. నీ గొంతు వింటే వస్తుంది కదా. ఖాళీ బకెట్టు పట్టుకుని కంచె పక్కనే నడువు, లోపల అది నీ వెంట నడుస్తుంది. డాక్టరమ్మే అంది, పొదుపక్కని పిలవండి అని."

వెళ్లకుండా ఉండటానికి ఆమెకి సాకేమీ దొరకలేదు. బకెట్టు తీసుకుంది. కంకర దారి దాటి కంచె దగ్గరికి వెళ్లేసరికి దొరసాని తల వేలాడేసి నిలబడి ఉంది. మెడ మీద చారలు చెమటకి తడిసి, నల్లవీ తెల్లవీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినట్టు కనపడ్డాయి. ముందు కాళ్ల మీది కండరాలు చర్మం కింద వాటంతట అవే వణుకుతున్నాయి.

"ఏమే దొరసానీ" అంది. మళ్లీ అంది. "రావే. రా."

చెవులు లేచాయి. తల ఎత్తింది. బకెట్టు చప్పుడు చేస్తే, అంతసేపు మనుషులు పలకలు పెట్టి తోసినా కదలనిది, ఆమె వైపు అడుగు వేసింది. కంచె బయట ఆమె నడిచింది, లోపల అది నడిచింది. మూల మలుపు తిరిగారు. తుఫాను వెనకనుంచి, "చూశావా, నీకైతే వింటుంది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆమె నడుస్తూనే ఉంది. చువ్వల మధ్యనుంచి దాని ఊపిరి వినపడుతోంది. పొయ్యి ఊదుతున్నట్టు, గరగరమంటూ. బకెట్టులో ఏమీ లేదని దానికి తెలుసు, వాసన ఉండదు కదా. అయినా వస్తోంది. రోజూ పెట్టిన చెయ్యి అది, ఇవాళ మాత్రం ఎందుకు పెట్టదు అనుకుంటోందేమో. ఇంకో మలుపు తిరిగాక దొరసాని ఆగింది. చువ్వల మధ్యనుంచి మూతి బయటికి పెట్టి, ఆమె ఖాళీ అరచేతిని మీసాలతో వెతికింది. మూతి చల్లగా తగిలింది. ఎప్పుడూ వెచ్చగా ఉండే మూతి.

ఆమె బకెట్టు కింద పెట్టేసింది.

"డాక్టరమ్మా" అంది. డాక్టరమ్మ పది గజాల అవతల ఉంది. "నిన్నటి మందు అడుగు దీనికే పెట్టాను. గీకి, తవుడు కలిపి పైన వేశాను. ముందుగా ఇదే తింది."

అందరి మొహాలూ ఒక్కసారి ఆమె వైపు తిరిగాయి. డాక్టరమ్మ రెండు చేతులూ పైకెత్తి పలకలు పట్టుకున్నవాళ్లకి, "ఆపండి. ఇంక ఒక్క అడుగు నడిపించకండి. అందరూ బయటికి రండి, మెల్లగా" అంది. తరవాత ఆమె దగ్గరికి వచ్చింది. "ఎంత?"

ఆమె రెండు చేతులూ దోసిలి పట్టి చూపించింది. "ఇలాంటివి మూడు నాలుగు ఉంటాయి. ఇంకో సగం గదిలో ఉంది. పారేయలేదు."

డాక్టరమ్మ ఆ దోసిలి వైపు చూసింది. "ఆ మందు గుండె కండరాన్ని పట్టుకుంటుందక్కా. దీన్ని కదలకుండా ఉంచాలి. పొద్దుట్నుంచీ మనం..." అని ఆగిపోయింది.

తరవాతి పనులు త్వరత్వరగా జరిగాయి. సిగ్గులమ్మనీ బుడ్డదాన్నీ షెడ్డులోకి తోలి, మత్తిచ్చి, గొట్టంతో కడుపులోకి విషాన్ని పీల్చే నల్లటి బొగ్గు నీళ్లు పంపారు. అవి తొట్టి అడుగున మిగిలిందే తిన్నాయి కాబట్టి బతుకుతాయని డాక్టరమ్మ అంది. దొరసానికి మాత్రం మత్తిచ్చే ధైర్యం కూడా ఆవిడ చెయ్యలేదు. చుట్టూ గోనెపట్టలు కట్టి నీడ చేశారు. మనుషుల్ని దూరంగా పొమ్మన్నారు.

ఆ గొడవలోనే డాక్టరమ్మ పక్షుల కీపరు వైపు తిరిగింది. "నిన్ను అడిగి రమ్మని పంపాను కదయ్యా. ఏం అడిగావు?"

అతను పొదుపక్క వైపు చూశాడు. ఆమె నోరు తెరిచింది. అతనే ముందు మాట్లాడాడు. "మిషను కడిగావా అని అడిగానండీ. అడుగు సంగతి అడగాలని తట్టలేదు. నాదే పొరపాటు."

"తట్టలేదా? అడగమన్నదే అది."

అతను తల దించుకున్నాడు. నోరు తెరిచిన ఆమె అలాగే మూసుకుంది.

పొద్దు వాలుతుండగా దొరసాని ముందు కాళ్లు మడిచి, తొందరేమీ లేనట్టు పడుకుంది. తల పూర్తిగా నేలకి ఆనించలేదు. చాలాసేపు అలాగే తల ఎత్తి, తన దొడ్డిని తను చూసుకుంటున్నట్టు ఉంది. తుఫాను గోనెపట్ట సందులోంచి చూస్తూ మధ్యమధ్యలో, "ఊపిరుంది" అని చెబుతున్నాడు. ఒకసారి అలా చెప్పలేదు. ఇంకాసేపు చూసినా చెప్పలేదు. తలపాగా విప్పి మొహం తుడుచుకుని పక్కకి వెళ్లి నిలబడ్డాడు.

డాక్టరమ్మ లోపలికి వెళ్లి చూసి వచ్చి, చేతులు కడుక్కుని, గుడ్డతో తుడుచుకుంటూ పొదుపక్క పక్కన కూర్చుంది. ఇద్దరి మధ్యా ఖాళీ బకెట్టు ఉంది.

"మీరు లోపల పెట్టుకోకండి అక్కా. ఆ డబ్బా మీ గదికి వచ్చినప్పుడు నేను అక్కడ ఉండాల్సింది. కడగమన్నాం, మీరు కడిగారు. అడుగు గీకుతారని అందరికీ తెలుసు. తెలిసీ మేమెవరం చెప్పలేదు. గుర్తు రాగానే మీరు చెప్పారు, మిగతా రెండూ బతికాయి. అది చాలు."

ఎంత మెత్తగా చెప్పిందంటే, ఆ మాటల్ని అలాగే తీసుకుని ఇంటికి వెళ్లిపోవచ్చు. జీపు పక్కన పక్షుల కీపరు ఒంటరిగా నిలబడి, అక్కర్లేకపోయినా టబ్బులు ఒకదాంట్లో ఒకటి సర్దుతున్నాడు. ఇటు చూడట్లేదు. చూడకుండా ఉండటానికే ఆ పని పెట్టుకున్నాడని తెలిసిపోతోంది. రేపటి నుంచి ఇద్దరూ ఒకే గట్టు దగ్గర నిలబడి మేత కలపాలి. అతను ఎప్పటికీ అడగడు. ఆమెకి అదే భయమేసింది.

"అతను అడిగాడమ్మా" అంది.

"ఏంటి?"

"అడుగు పారేశావా అని పొద్దున్నే అడిగాడు. గుర్రం జాతికి పడదని కూడా చెప్పాడు. అప్పుడే నాకు తెలిసిపోయింది. పారేశాను అన్నాను. మీరు నడిపిస్తుంటే కిటికీలోంచి చూస్తూ ఉన్నాను."

డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటున్న గుడ్డ ఆగింది. ఏదో అడగబోయినట్టు పెదవులు కదిలాయి. ఎందుకు అని అడుగుతుందనుకుంది ఆమె. డాక్టరమ్మ అడగలేదు. లేచి, గుడ్డ మడిచి జేబులో పెట్టుకుంది.

"తొట్లలో ఉన్నదంతా తీసేయించండి. గడ్డి, నీళ్లు, అంతా. ఒక్కటీ మిగల్చకండి" అంది. అక్కా అనలేదు. జీపు దగ్గరికి వెళ్లి పక్షుల కీపరు భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పింది. అతను అప్పుడు ఇటు చూశాడు.

లారీ వచ్చి దొరసానిని తీసుకెళ్లింది. ఎత్తడానికి ఆరుగురు మనుషులు కావాల్సొచ్చింది. టార్పాలిన్ కింద నుంచి ఒక గిట్ట బయటికి కనపడుతూ వెళ్లింది. షెడ్డులో బుడ్డది ఒకసారి అరిచి ఊరుకుంది.

తుఫాను తను చేస్తానన్నా ఆమె ఒప్పుకోలేదు. దొడ్డిలోకి దిగి తొట్టి వంచి మేతంతా నేల మీదికి పోసింది. ముట్టని పచ్చగడ్డి కట్టలు, నీటుగా ఉన్నవి, పొద్దున్నే విప్పినవి, చేతులతో ఎత్తి చెత్త బండిలో వేసింది. మేత గదిలోకి వెళ్లి బేసిను తెచ్చి అదీ వేసింది, బేసినుతో సహా. నీళ్ల తొట్టి ఒంపింది. దాదాపు నిండు బస్తా తవుడు, నిన్న దాంట్లోంచే తీసింది కాబట్టి, బస్తా మూతి కట్టి బండి మీదికి తోసింది. జీవితంలో ఎన్నడూ ఇంత మంచి సరుకు తన చేత్తో పారేయలేదు. చేతులు ఆగుతాయేమో అనుకుంది. ఆగలేదు. ఎంత పారేసినా బరువు తగ్గినట్టు మాత్రం అనిపించలేదు.

"ఇంకేమన్నా ఉందా?" అన్నాడు తుఫాను, బండి పిడి పట్టుకుని.

ఆమె చుట్టూ చూసింది. దొడ్డి మూల నీడపట్టున గుంజకి గొలుసుతో కట్టిన ఉప్పు దిమ్మ వేలాడుతోంది. ఆమె దగ్గరికి వెళ్లి గొలుసు విప్పబోయి ఆగింది. పైన మూలలన్నీ పలకలు పలకలుగా, అచ్చులో పోసినప్పటిలాగే ఉన్నాయి. వాటి జోలికి ఎవరూ పోలేదు. ఒక వైపు మాత్రం, దొరసాని తల ఎత్తున, దాని నాలుక రోజూ తగిలి తగిలి ఉప్పు లోపలికి కరిగిపోయి, చెయ్యి పట్టేంత నున్నటి గుంట పడింది. అందులో ఇంకా తడి ఆరలేదు.